పదిహేను గంటల మనిషి

టల్లమోర్ ఊళ్లో మా సూపర్ మార్కెట్‌కు వచ్చేవాళ్లలో డింప్నా హెఫర్నన్‌ను ఎరగనివాళ్లు లేరు. చేపల కౌంటరు ఆమెది. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. పక్కనే రొట్టెల కౌంటరు నాది.

ఒప్పందం కాగితంలో ఆమెకు వారానికి పదిహేను గంటలే. ఏళ్ల తరబడి చేసింది మాత్రం ముప్పై. ఆ మిగతా సగం మేనేజరు దయ. రేపటి షిఫ్టు సంగతి ఈ సాయంత్రం ఫోనులో వచ్చేది, ఒక్కోసారి ఆ పొద్దున్నే వచ్చేది. బస్సు దిగి గుమ్మం దాకా వచ్చాక "ఇవాళ అక్కర్లేదులెండి" అని తిప్పి పంపిన రోజులూ ఉన్నాయి. మనవరాలిని చూసుకుంటానని కూతురికి మాటివ్వాలన్నా ఆమె నోరు పెగిలేది కాదు.

ఆమె అక్క కన్సెప్టా చనిపోయింది. మంగళవారం మట్టి చేస్తారని మేనేజరు రోనన్‌కు ముందే చెప్పింది. "అయ్యో, తప్పకుండా వెళ్లండి" అన్నాడు.

మంగళవారం చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఆమె ఫోను వణికింది. ఎవరో రాలేదట, వెంటనే రమ్మని రోనన్ కబురు. డింప్నా చూసి సంచిలో పడేసింది. శ్మశానంలో పెట్టెను తాళ్లతో దించుతుంటే మళ్లీ వణికింది. ఈసారి తీసి, పక్కనే నిలబడ్డ నాకు చూపించింది. "రాకపోతే వచ్చేవారం మీ గంటల గురించి ఆలోచించాల్సి వస్తుంది." అంతదాకా ఏడుస్తున్న మనిషి కళ్లు ఒక్కసారిగా ఆరిపోయాయి.

తర్వాత హోటల్లో బంధువులకు సూపు, శాండ్‌విచ్‌లు పెట్టారు. ఆమె ముట్టలేదు. నల్లకోటుతోనే తిన్నగా షాపుకు నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

"ఏమయ్యా రోనన్! మా అక్కను గోతిలో పెట్టి వస్తున్నా. చేతులకింకా మట్టి ఉంది. కడుక్కోనా, ఇలాగే చేపలు కొయ్యనా?"

రోనన్ అటూ ఇటూ చూశాడు.

"డింప్నా, ఇక్కడ కాదు. ఆఫీసులోకి రండి."

"నువ్వు శ్మశానంలోకి రావచ్చు గానీ నేనిక్కడ మాట్లాడకూడదా?"

"అవసరం పడింది. మాకు సర్దుకుపోయేవాళ్లు కావాలి."

"ఇన్నేళ్లూ సర్దుకున్నది ఎవరయ్యా, మీ అమ్మా?"

బంగాళాదుంపల దగ్గర నిలబడ్డ ఒక ముసలాయన "అలా అడుగు తల్లీ!" అని అరిచాడు. రోనన్ ముఖం కందగడ్డ అయింది.

వచ్చేవారం చార్టులో ఆమెకు అచ్చంగా పదిహేను గంటలే పడ్డాయి. అవి కూడా ఒకచోట కాదు. రోజుకు మూడు చొప్పున ఐదు రోజులకు తునకలు చేశాడు. రెండు మూడు రోజుల్లో సరిపెడితే ఖాళీ రోజులకు ప్రభుత్వం భృతి ఇచ్చేది. ఐదు రోజులు పనికి వచ్చేవాళ్లకు ఇవ్వదు. అది తెలిసే చేశాడు. కడుపు మీద కొట్టడానికి కూడా చదువు కావాలి మరి.

యూనియన్ తరఫున నువాలా అనే ఆమె వచ్చి విషయం విన్నది.

"ఏడాదిగా నిజంగా ఎన్ని గంటలు చేశావో, వాటికి తగ్గట్టు ఒప్పందం మార్చమని అడిగే హక్కు నీకుంది. షిఫ్టు సంగతి కనీసం ఒక రోజు ముందు చెప్పి తీరాలి. అడిగినందుకు కక్ష కట్టడం కూడా చట్టవిరుద్ధమే."

"ఈ చట్టం ఎప్పుడొచ్చింది?"

"ఏళ్లయింది."

"మరి మాకెవరూ చెప్పలేదేం?"

"ఎవరు చెప్తారు? రోనన్ చెప్తాడా?"

డింప్నా కార్మిక వివాదాలు తేల్చే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు పెట్టింది. విచారణలో నేను సాక్ష్యం చెప్పాను. కంపెనీ లాయరు లేచి, తనకు వీలైన వేళల్లో పని చేసే స్వేచ్ఛ ఆమే కోరుకుందన్నాడు.

"ఎవరికి బాబూ ఆ స్వేచ్ఛ?" అంది డింప్నా. "ఆయనకు వీలైనప్పుడు పిలిచాడు, వీలుకానప్పుడు పొమ్మన్నాడు. నాకు వీలుకాని రోజు ఒకే ఒక్కటి వచ్చింది. ఆ రోజు మా అక్కను పాతిపెడుతున్నాను."



తీర్పు ఆమెకే వచ్చింది. ముప్పై గంటలూ ఒప్పందంలోకి ఎక్కాయి. నేను కేకు పట్టుకుని వెళ్తే నా మీదే విరుచుకుపడింది.

"ఏం గెలిచామే ఎట్నా? నాది నాకిచ్చారు. దానికి కేకా?"

రోనన్‌కు ఏమీ కాలేదు. ఇంకా పెద్ద షాపుకు, పెద్ద హోదాతో పంపించారు. ఆ కబురు విన్న రోజు డింప్నా చేపల తలలు నరికిన తీరు చూసి కౌంటరు దగ్గరికి ఎవరూ రాలేదు.

మా షాపులో కొత్తవాళ్లను ఇప్పటికీ పది గంటల ఒప్పందం మీదే తీసుకుంటున్నారు. చేరిన మొదటి రోజే డింప్నా వాళ్లను టీ గదిలో కూర్చోబెట్టి చట్టం చెబుతుంది. ఒకరోజు కొత్త మేనేజరు తలుపులోంచి తొంగిచూసి, "పని వేళలో ఏమిటీ మీటింగు?" అన్నాడు.

"ఇది మా విరామం" అంది ఆమె, కప్పు దించకుండానే. "తలుపేసి వెళ్లు నాయనా, చలిగాలి వస్తోంది."