మిరప సాలులో కటకం పాఠం

కరోనా తరువాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది దర్శి దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ అయ్యాను. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు భౌతికశాస్త్రం. రిటైరయ్యే ముందు నా ఆఖరి పోస్టింగు అదే. పదో తరగతికి అప్పటికే వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో గుడ్ మార్నింగ్ పువ్వులకున్న మర్యాద పాఠానికి ఉండేది కాదు.

మిరప కోతలు మొదలవగానే మా వైపు కుటుంబాలు కొన్ని ప్రత్తిపాడు పొలాలకు వెళ్లి, సీజను అయ్యేదాకా అక్కడే ఉంటాయి. పదో తరగతి నాగలక్ష్మి కూడా బయలుదేరింది. ఆపబోతే వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

"ఆడపిల్లని ఎవరి మీద వదిలేసి పోవాలండీ? పరీక్షలకి తీసుకొస్తాం. తప్పిందా, ఇంక బడి ఊసెత్తొద్దు. మాతో పాటే పనికొచ్చుద్ది" అని తేల్చేసింది.

నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవారి జాబితాలో, పిల్ల పేరు ఎక్కింది. పాఠాలు మాత్రం ఇంకా చాలా మిగిలాయి.

రోజూ బోర్డు ఫొటోలు పంపాం. జవాబు లేదు. కాయ కోసిన చేత్తో ఫోను ముట్టుకుంటే మంట కళ్లదాకా వస్తుందని, ఫొటో పెద్దది చేసి చూడటం కుదరదని తరువాత తెలిసింది. అది తెలియగానే క్లాసులో షబానా అనే పిల్ల పాఠాన్ని వాయిస్ మెసేజిలుగా పంపడం మొదలుపెట్టింది. ఒక్కసారి నొక్కితే చాలు, కాయ కోస్తుంటే ఒకదాని వెనుక ఒకటి వాటంతటవే సాలంతా వినిపిస్తాయి. ఇన్నేళ్ల సర్వీసులో నాకు తట్టని ఉపాయం అది. భలే ముచ్చటేసింది.

కుంభాకార కటకం దగ్గర బండి ఆగింది. "ఈ గీతని ఇక్కడ కలపాలి" అని షబానా చెప్పింది. అన్నాల వేళకు నాగలక్ష్మి గొంతు వచ్చింది.

"ఇక్కడంటే ఎక్కడే? నీ బొమ్మ నాకేమన్నా కనపడతందా?"

షబానా బిక్కమొహం వేసింది. బొమ్మ బట్టీ పట్టింది గానీ, గీత అక్కడే ఎందుకు కలవాలో తనకూ తెలియదు. క్లాసులో ఎవరికీ తెలియదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చినా ఆగాను. గ్రూపులో ఒకటే వాదన. పుస్తకాలు తిరగేశారు, గీసి చెరిపారు. చివరికి షబానా పంపింది.

"నువ్వు కోస్తన్న సాలే అక్షం అనుకో. దానికి అడ్డంగా కటకం ఉంది. పక్క సాలెంట తిన్నగా వచ్చిన కిరణం కటకం దాటగానే వంగి, నీ సాలుకి అడ్డం పడిపోద్ది. అడ్డం పడిన చోటే నాభి. అర్థమైందా?"

"అయింది. రెండో కిరణం నే చెప్తా, తప్పయితే తిట్టండి" అంది నాగలక్ష్మి. కటకం మధ్యలోంచి పోయే కిరణం వంగదనీ, రెండూ కలిసిన చోటే ప్రతిబింబమనీ తడబడకుండా చెప్పింది. వెనక ఎవరో అందించారు: "తలకిందులైద్దని కూడా చెప్పవే!"

ఆ గొంతు వాళ్లమ్మది.

నాగలక్ష్మి వచ్చి పరీక్ష రాసింది, పాసైంది. వాళ్లమ్మే తీసుకెళ్లి ఇంటర్‌లో చేర్పించింది. గ్రూపు ఎలా నడపాలని కుర్ర టీచర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. పాఠం పంపేసి చేతులు దులుపుకోవద్దని, అవతలివాళ్లు తిరిగి అడిగేదాకా ఆగమని, అడిగాక జవాబు పిల్లల్నే వెతకనిమ్మని చెబుతాను. ఆ సమయంలో మాస్టారు మాట్లాడకుండా ఉండటమే కష్టమైన పని.