గడ్డకట్టే రేవు

ఓడలు మంచులో ఇరుక్కుపోయే, ఎక్కడో ఉత్తరాన ఉన్న విదేశీ రేవులో రెండేళ్లు పనిచేశానని ముప్పై ఏళ్లుగా తిరుపతిలో చెప్పుకుంటూ వచ్చాను. మీసాలకు మంచు పేరుకుంటే సుత్తితో కొట్టుకునేవాళ్లమని కూడా చెప్పాను.

నిజానికి నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ములకు లేబుళ్లు అంటించేవాణ్ని. సరుకు దిగే ఆ రేవు పేరు లేబుల్ మీద ఉండేది. నేను చూసిన మంచు అంతా అక్కడి కోల్డ్ స్టోరేజీలోదే.

మొన్న మా వీధి టైలర్ భాయ్ నన్ను దుకాణంలోకి పిలిచాడు. ఓడలో పనిచేసే అతని తమ్ముడు అదే రేవులో నీళ్లలో పడిపోయి నెల దాటింది. శవం దొరకలేదు.

"నువ్వు ఆడ ఉండినోడివి కదప్పా. వాణ్ని ఎవరైనా పైకి తీసి, యాడన్నా ఆస్పత్రిలో పెట్టుంటారా?"

"నేను యాడికీ పోలేదు భాయ్. డ్రమ్ములకు లేబుళ్లు అంటించినా, అంతే."

"అది నాకెప్పుడో తెలుసులేప్పా. మీసాలకు సుత్తి అన్నప్పుడే తెలుసు. ఈపొద్దు ఒక్క అబద్ధం చెప్పకూడదా?"

ఇన్నేళ్లూ ఎవరూ అడక్కుండానే చెప్పినవాణ్ని. అతను అడిగితే ఒక్కటీ నోటికి రాలేదు. తమ్ముడు సెలవుకొస్తే ఇద్దామని కుట్టిన చొక్కాకు గుండీలు కుట్టడం మిగిలింది. అతను సూదిలోకి దారం ఎక్కించబోయాడు, ఎక్కలేదు. సూది నా చేతికిచ్చాడు. నాకూ ఎక్కలేదు.