మూఢంలో ఆగిపోయిన సంతకం

మొన్న ఆదివారం మా తమ్ముడి మనవరాలూ ఆమె మొగుడూ నెల్లూరు నుంచి వచ్చి, ఎనిమిదేళ్ళ కూతుర్ని బడి మాన్పించామని, ఇక మీదట చదువంతా ఇంట్లోనే అని, పెళ్ళి కుదిరిన కబురు చెప్పినంత సంబరంగా చెప్పారు. పిల్ల గదికి కొత్త రంగులు వేయించారట, గోడకు తెల్లబోర్డు బిగించారట, ఏ గంటకు ఏం చదవాలో రంగు కాగితం మీద అచ్చు వేయించి అంటించారట. అవన్నీ ఫోనులో ఒక్కొక్కటే జరిపి చూపించారు. ఇంతకీ చెప్పేదెవరమ్మా అని అడిగితే తేలిందేమిటంటే, ఆయనకు ఆఫీసు, ఈమెకు ఆఫీసు, పిల్లకు కంప్యూటరు. పైగా నేను కూడా ఆ రోజుల్లో ఇంటి పట్టునే చదువుకున్నానని మా తమ్ముడు చెప్పాడట, ఆ సంగతి నాలుగు మాటల్లో చెబితే ఫోనులో పట్టుకుని పదిమందికీ పంపిస్తారట. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు కూడా పట్టుకున్నట్టున్నారు, పంపించుకోనీ. నా చదువు సంగతి వాళ్ళతో చెప్పుకునేది కాదు, నా ఈడు వాళ్ళతో చెప్పుకునేది.

మాది అల్లూరు పక్క పల్లె. మొలగొలుకుల వడ్లు పండే మాగాణి, సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి ఉప్పగాలి. మా నాయన మాటకు ఊళ్ళో చెల్లుబడి ఉండేది. అది తన తెలివి వల్ల వచ్చిందని ఆయన నమ్మకం, పొలం వల్ల వచ్చిందని ఊరి నమ్మకం. ఊరి బడి అయిదో తరగతి వరకే, ఆ పైన చదవాలంటే అల్లూరు హైస్కూలుకు కాలువ గట్టు మీద రెండు మైళ్ళు నడవాలి. మగపిల్లలందరూ నడిచారు, తరువాత మా తమ్ముడూ నడిచాడు. నేను నడిస్తే మాత్రం మా ఇంటి మర్యాద ఆ గట్టు మీద ఎక్కడో జారి కాలువలో పడిపోతుందని మా నాయనకు భయం. భయమని ఒప్పుకుంటే నామోషీ గనక, బడిలో ఏం చెబుతారు మట్టి, మా అమ్మాయికి ఇంట్లోనే మెట్రిక్ దాకా చెప్పిస్తాను చూడండి అని నలుగురిలో ప్రకటించాడు.

ప్రకటించడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ వారమే మద్రాసు పోయి ఒక భూగోళం కొనుక్కొచ్చాడు. నీలం రంగుది, ఇత్తడి కాడ మీద గిర్రున తిరిగేది. దాన్ని నా పుస్తకాల దగ్గర పెడితే వచ్చిపోయేవాళ్ళకు కనపడదని నడవలో బీరువా మీద పెట్టించాడు, చెయ్యి వేస్తే మాసిపోతుందని నన్ను ముట్టనివ్వలేదు. ఏడాదికొకసారి బూజు దులిపేటప్పుడు మా అమ్మ దాన్ని దించేది, అప్పుడు నేను అయిదు నిమిషాలు భూగోళశాస్త్రం చదువుకునేదాన్ని. కావలసిన లెక్కల పుస్తకం మాత్రం రెండేళ్ళయినా రాలేదు, అడిగినప్పుడల్లా ఈసారి నెల్లూరు పోయినప్పుడు తెస్తాననేవాడు, నెల్లూరు మాత్రం వారానికి రెండుసార్లు పోయి వచ్చేవాడు.

చదువు చెప్పడానికి పెన్షను పుచ్చుకున్న ఒక అయ్యవారిని కుదిర్చాడు. పాపం, పెద్దాయన, చెప్పుల్లేని కాళ్ళతో పొలాల మీదుగా వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. నేను గడప లోపల, తలుపు చాటున కూర్చోవాలి, అదీ మర్యాదే. పలక ఆయన అటు నుంచి తోస్తే నేను ఇటు నుంచి లాక్కునేదాన్ని. ఎదుటి మనిషి మొహం చూడకుండా బీజగణితం నేర్చుకోవడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. ఇద్దరం తంటాలు పడుతూ ఒక లెక్క సగానికి తెచ్చేసరికి, పక్కన పడక కుర్చీలో కూర్చున్న మా నాయనకు ఊరి సంగతులు గుర్తొచ్చేవి. అయ్యవారిని ఆయన కబుర్లలోకి లాగేవాడు, నన్ను ఇంట్లోవాళ్ళు ఆరబోసిన వడ్ల మీద కోళ్ళు తోలమనేవాళ్ళు. అయినా నాకు చదువు వచ్చింది. ఆ ఇంట్లో నేను నేర్చుకున్నదంతా అయ్యవారి ఓపిక వల్లా నా మొండితనం వల్లా వచ్చిందే, మూడో మనిషికి అందులో వాటా లేదు.

నాలుగేళ్ళు గడిచాక అయ్యవారు ఒక దారి చూపించాడు. ఇంట్లో చదివినవాళ్ళు కూడా ప్రైవేటుగా మెట్రిక్ పరీక్షకు కట్టవచ్చు, అది పాసైతే నెల్లూరులో ట్రైనింగు, ట్రైనింగు అయితే పంతులమ్మ ఉద్యోగం. పంతులమ్మ అన్న మాట తలుపు చాటున విన్నాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు, అంత సంతోషం. అయ్యవారే అల్లూరు దాకా నడిచిపోయి దరఖాస్తు కాగితం తెచ్చాడు. తానే నింపాడు. తండ్రి చేయవలసింది ఒక్కటే, అడుగున ఒక సంతకం. గడువు ఇంకా మూడు వారాలుంది.

మా నాయన కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని రెండువైపులా చూసి, పంచాంగం తెరిచి, మూసి, కాగితాన్ని ఆ పంచాంగంలోనే దాచాడు. శుక్రమూఢం నడుస్తోంది, మూఢంలో మంచి పని మొదలు పెట్టకూడదు, మూఢం పోయాక చూద్దామన్నాడు. పెళ్ళికీ గృహప్రవేశానికీ మూఢం చూస్తారని నాకూ తెలుసు గాని, దరఖాస్తుకు మూఢమేమిటో అయ్యవారికీ తెలియలేదు. ఆయన గడువు తేదీని మూడుసార్లు గుర్తు చేశాడు, మూడోసారి చేతులు కట్టుకుని మరీ చెప్పాడు. పరీక్ష పెట్టేవాళ్ళకు మాత్రం మూఢం తెలియదా, గడువు వాళ్ళే పొడిగిస్తారని మా నాయన ధీమా. చదువుకున్నవాడు గనక ఇంత మాట అనగలిగాడు.

ఇంతలో మా కాలువకు నీళ్ళు తగ్గాయి. పై ఊళ్ళవాళ్ళు అడ్డం కట్టుకున్నారని గోల లేచింది, మా ఊరివాళ్ళు ఇంజనీరుకు అర్జీ రాశారు. లస్కరు, అదే కాలువ మీద కాపలా ఉండే మనిషి, ఆ అర్జీ పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. మా నాయన కళ్ళజోడు కోసం కూడా చూడలేదు. అర్జీని మోకాలి మీద పెట్టుకుని, ఊరందరికంటే ముందు, అడ్డంగా, పొడుగ్గా సంతకం గీకాడు. ఆ రోజూ మూఢమే. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. నాట్లకు లేని మూఢం, నీళ్ళకు లేని మూఢం నా ఒక్కదానికే పట్టింది.

మా అమ్మకు చదువు రాదు, మొగుడికి ఎదురు చెప్పిన మనిషీ కాదు. ఆ పూట మాత్రం లస్కరు మెట్లు దిగీ దిగకముందే నడవలోకి వచ్చి నిలబడింది.

"ఆ చేత్తోనే బిడ్డ కాయితం మీద కూడా పెట్టేస్తే పోయేది గదా. లేకుంటే ఇట్టియ్యండి, నేను ఏలి నిశానీ ఏసి పంపిస్తా" అన్నది.

"నీళ్ళు ఆగతాయా మూఢానికి? చదువు ఏడికి పోతది, ఇంట్లోనే గదా ఉండాది" అన్నాడు మా నాయన.

చదువు ఇంట్లోనే ఉంది, నిజమే. ఇంట్లోనే ఉండిపోయింది. నేనే ఆ కాగితం తీసి ఆయన సంతకం గీకి పంపించి ఉండవచ్చు గదా అని మీరనవచ్చు. ఆయన సంతకం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. కానీ ఆ బుద్ధి నాకు అప్పుడు పుట్టలేదు, మంచి పిల్లను గదా. ఆ మంచితనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

గడువు పోయిన నాలుగో రోజున మూఢం పోయింది. ఆ మొదటి మంచి ముహూర్తాన్ని మా నాయన వృథా చేయలేదు, కొడవలూరు సంబంధానికి తాంబూలాలు పుచ్చుకున్నాడు. లగ్నపత్రిక మీద ఆయన సంతకం ముత్యాల్లాగా ఉంది. అయ్యవారు పెళ్ళికి వచ్చి, భోజనం చేయకుండా అక్షింతలు వేసి వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళ తరువాత, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక, మా నాయన ఒకసారి కొడవలూరు వచ్చి మా మామగారితో వసారాలో కూర్చుని ఉండగా ఇంటింటికీ జనాన్ని రాసుకునే మనిషి వచ్చాడు. పేర్లు, వయసులు అయ్యాక నా చదువు అడిగాడు. మామగారు నోరు తెరిచేలోపల మా నాయన అందుకుని, మెట్రిక్ అని రాసుకోండి, ఇంట్లోనే పెట్టి చదివించాను, పరీక్ష ఒక్కటే తరువాయి, అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆ మాట ఆయన ఊరంతా చెప్పుకుంటాడని తెలుసు గాని, నా ఎదుట చెప్పడం అదే మొదలు. చంకలో పిల్లతో గుమ్మం దాటి వసారాలోకి వచ్చాను. మామగారి ముందుకు నేను అలా రావడం కూడా అదే మొదలు.

"అయిదో తరగతి అని రాసుకోండి" అన్నాను.

రాసుకునే అతను మా నాయన వంక చూశాడు. ఆయన నేల చూపులు చూశాడు. కలం గీసిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత బతికిన పాతికేళ్ళలో మా నాయన నా చదువు ఊసు మళ్ళీ ఎత్తలేదు. తప్పు చేశానని ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు పంచాంగాలు అడగకుండానే దరఖాస్తులు పోతున్నాయి, వీధికొక బడి ఉంది, అల్లూరు ఆడపిల్లలు ఇంజనీర్లయి తిరుగుతున్నారు, సంతోషమే. నా పిల్లలిద్దరికీ పదో తరగతి దాకా లెక్కలు నేనే చెప్పాను, వాళ్ళ పిల్లలకూ చెప్పాను, తలుపు చాటున కాదు, మొహం చూసి చెప్పాను. వాళ్ళందరి కాగితాల మీదా గడువుకు పది రోజుల ముందే సంతకాలు పెట్టించాను. అయినా ఈ వయసులో కూడా బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఎవరో కాగితం నా ముందుకు జరిపితే, పేరు, ఊరు గబగబా నింపేసి, చదువు అన్న చోటికి వచ్చేసరికి నా చెయ్యి కాసేపు ఆగుతుంది. ఆగి, అయిదు అనే రాస్తుంది.