ఇంజను మార్చినా ఆరని లైటు

బడికి ఏడో తరగతిలోనే దండం పెట్టి, అన్న వెంట సూరత్ చేరినవాణ్ని. అక్కడి భేస్తాన్‌లో అన్న మరమగ్గాలు నడుపుతాడు, నేను వ్యాను నడుపుతాను. మొన్నామధ్య వ్యానుకు ఇంజను మార్పించాను. అయినా స్టీరింగ్ ముందు ఇంజను బొమ్మ లైటు వెలుగుతూనే ఉంది. మెకానిక్ ఆర్పేవాడు, అది వారం తిరక్కుండా మళ్లీ వచ్చేది. కొత్త అల్లుడు కూడా అన్నిసార్లు రాడు.

ఒక ఆదివారం అన్నను డుమస్ బీచికి తీసుకెళ్తుంటే మళ్లీ వెలిగింది. బండిని మెకానిక్ దగ్గరికి తిప్పాను. పక్కన అన్న దగ్గుతున్నాడు. ఏళ్లనాటి దగ్గు అది.

"హారన్ ఖరాబైనా ఫికర్ లేదన్నా, నువ్వున్నవ్ గద" అన్నాను.

"సక్కగ నడుపురా" అన్నాడు.

మెకానిక్ ఈసారి గాలి ఫిల్టర్ ఊడదీశాడు. ఇంజనుతోపాటు వేసిన కొత్తదే, అప్పుడే పరుపులో దూది కుక్కినట్టు నూలు దుమ్ముతో నిండిపోయింది. బండి ఎక్కడ పెడతావని హిందీలో అడిగాడు. మగ్గాల షెడ్డు పక్కన, దుమ్మును బయటికి తోసే ఫ్యాను కింద, ఇంజను ఆపకుండా రోజూ అన్న కోసం ఎదురుచూస్తానని చెప్పాను.

అన్న ఆ ఫిల్టర్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"దీనికి దుమ్మాపే జాలీ అయినా ఉన్నది తమ్మీ. నేను లోపల్నే ఉంట గద."

డుమస్ పోలేదు. మర్నాడు ఆసుపత్రిలో ఊపిరితిత్తులు చెడ్డాయని, ఆ పని మానాలని చెప్పారు. వేరే పని అన్నకు రాదు.

ఇప్పుడు బండిని దూరంగా రోడ్డు మీద నిలుపుతున్నాను. లైటు మళ్లీ వెలగలేదు. అన్నను మాత్రం పొద్దున్నే అదే షెడ్డు దగ్గర దించి వస్తున్నాను.