తలుపు దగ్గర మాట్లాడే మనిషి

బతికున్నన్నాళ్ళూ ఆమె అందరికీ టేపమ్మే. పోయాక కూడా పాత వీధి మనిషి ఎవరైనా తారసపడితే కోడలిని అడిగేది టేపమ్మ గురించే. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. పరాయి దేశం నుంచి మొగుడి వెంట వచ్చి, మెట్ల పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, ఆ వీధిలో సగంమంది బట్టలు బిగించింది, సగంమందివి వదులు చేసింది. ఇక్కడి భాష కూడా బట్టలు తెచ్చేవాళ్ళ దగ్గరే నేర్చుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిది అనేది. అనేదే కానీ, తలుపుకి మాత్రం రెండు గడియలు పెట్టించింది.

కోడలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే మంచం కింద సంచి కనిపించింది. ముదురు గుడ్డతో కుట్టిన బరువైన సంచి. అందులో మామగారికో జత, తన మొగుడికో జత, ఒక దుప్పటి.

"ఎక్కడికైనా వెళ్తున్నామా అత్తయ్యా?"

"వెళ్ళే పని పడకూడదనే కోరుకో. ఏదీ, అటు తిరుగు."

భుజాలు కొలిచింది, నడుము కొలిచింది. సాయంత్రానికి సంచిలో ఇంకో జత చేరింది. అత్తవారింట తనకు పెట్టిన మొదటి బట్టలు అవేనని, వాటిని కట్టుకోవడానికి మాత్రం వీల్లేదని కోడలు నవ్వుతూ చెప్పుకునేది.

చలి ముదిరే ముందు ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఒకసారి టేపమ్మ ఆ సంచి విప్పేది. కొడుకు ఎదిగే రోజుల్లో విప్పిన ప్రతిసారీ పొట్టి లాగు తీసి పొడుగుది పెట్టేది. మొగుడికి పొట్ట వచ్చిన ఏడు నడుముపట్టీ వదులు చేసింది. ఆయన పోయినప్పుడు ఆ చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. మర్నాడు దాన్నే కత్తిరించి కొడుక్కి సరిచేసి మళ్ళీ సంచిలో పెట్టింది. మనవరాలు ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే దాని గౌను సంచిలోకి వచ్చేసింది.

ఆ పిల్ల బడికి వెళ్ళే వయసొచ్చాక, ఓ చలికాలం ముందు, బట్టలు మడతపెడుతూ కోడలు గమనించింది. అత్తయ్యవి ఒక్కటీ లేవు.

"మీవి మర్చిపోయారు."

"మర్చిపోలేదు."

"మరి?"

టేపమ్మ సూదిలో దారం ఎక్కించడం ఆపలేదు. "మా ఊళ్ళో ఇళ్ళ మీదికి మనుషులు వచ్చినప్పుడు మా అమ్మ తలుపు తీసి మాట్లాడుతూ నిలబడింది. మేం వెనక నుంచి పోయాం. ఎవరో ఒకళ్ళు మాట్లాడుతూ ఉండాలి కదే అమ్మాయ్, మిగిలినవాళ్ళు మెట్లు దిగేదాకా."

"తర్వాత మీ అమ్మగారు వచ్చి కలిశారా?"

"నీ చేతులు పొడుగు చెయ్యాలి ఈసారి. చెయ్యి ఇలా చాపు."

ఆ ఏడాదే వీధి మారింది. ముందు రొట్టెల దుకాణం ఆవిడ వచ్చి, సగం కుట్టిన బట్టను అలాగే ఇచ్చెయ్యమని తీసుకుపోయింది. ముఖంలోకి చూడలేదు. తర్వాత మెట్ల కింద తలుపు మీద ఎవరో సుద్దతో ఇంటూ గుర్తు గీశారు. మనవరాలు దానికి ఆకులు తగిలించి పువ్వు చేసింది. అది చూసి కొడుకు నవ్వాడు, టేపమ్మ నవ్వలేదు.

"సుద్దగీతకి భయపడి ఇల్లు వదిలిపోతామా అమ్మా? చెరిపితే పోయేదానికి!"

"చెరిపితే గీత పోతుందిరా. గీసిన చెయ్యి ఎక్కడికి పోతుంది?"

మూలమీద గడియారాలు బాగుచేసే ముసలాయన కూడా వీళ్ళలాగే బయటి నుంచి వచ్చినవాడే. ఓ ఉదయం ఆయన దుకాణం అద్దాలు పగిలి రోడ్డు మీద ఉన్నాయి. ఆయన ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేదు. ఆ వారం నుంచి వీధిలో చాలా ఇళ్ళలో, అంతకుముందు లేని గడియారాలు గంటలు కొట్టసాగాయి.

వాళ్ళు మధ్యాహ్నం వచ్చారు. కొడుకు బస్సుల షెడ్డులో పనికి పోయాడు. మెట్ల మీద చాలా కాళ్ళ చప్పుడు. టేపమ్మ మిషను ఆపి లేచింది.

"అమ్మాయ్, సంచి తీసుకో. పిల్లని తీసుకుని షెడ్డుకి పో."

"మీరూ రండి అత్తయ్యా."

"నా గొంతు వినిపిస్తున్నంతసేపూ నడువు. ఆగావంటే ఊరుకోను."

కోడలు వెనక మెట్లు దిగుతుంటే ముందు గదిలో ఒక గడియ తీసిన చప్పుడైంది. కాసేపాగి రెండోది.

"ఎవరూ? నువ్వా నాయనా. ఆ కోటు ఇంకా చంక కింద పట్టేస్తోందా?"

"పక్కకి జరుగు ముసలీ."

"జరుగుతాలే, మోకాళ్ళు లేవొద్దూ? మీ అమ్మకి కాళ్ళవాపు తగ్గిందా? ఆ వెనక దాక్కున్నదెవరు? నీ మొదటి లాగుకి నాలుగు జేబులు పెట్టమని ఇక్కడే దొర్లి దొర్లి ఏడ్చావు, గుర్తుందా?"

ఎవరో ఒకడు నవ్వాడు. ఇంకొకడు వాణ్ణి తిట్టాడు.

సందు మొదట్లో ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. సందు మధ్యలోనూ వినిపించింది. కాజాలు, కాలర్లు, ఎవరి చెల్లెలి పెళ్ళిబట్టలో. అంతలో ఇనుము మెట్లమీద దొర్లిపడిన చప్పుడు, అది మిషను. దాని తర్వాత గొంతు లేదు.

కోడలి కాళ్ళు ఆగిపోయాయి. వినిపించినంతసేపూ నడవమంది కానీ, ఆ గొంతు ఆగిపోతే ఏం చెయ్యాలో అత్తయ్య చెప్పలేదు.

"నానమ్మ మాట్లాడ్డం ఆపేసిందేంటమ్మా?" అంది పిల్ల.

కోడలు పిల్ల చెయ్యి బిగించి పట్టుకుని నడిచింది.

చీకటి పడే వేళకి టేపమ్మ ఒక్కతే షెడ్డు దాకా వచ్చింది. పెదవి చిట్లి ఉంది. మెడలో టేపు లేదు, దాని చోట చుట్టూ ఎర్రటి గీత ఉంది. ఏం జరిగిందని కొడుకు అడిగితే, పిల్లకి స్వెట్టరు వేశారా అని అడిగింది. ఆ గొంతు ఆమెది కాదు, గరగరలాడింది. పోయేదాకా అలాగే ఉండిపోయింది.

ఇంకో ఊరు, ఇంకో రెండు గదులు. కోడలు అత్తయ్య బట్టలు ఒక జత సంచిలో పెట్టేది. పెట్టిన మర్నాడే అవి మేకుకి వేలాడుతూ కనిపించేవి. మళ్ళీ పెట్టేది. మళ్ళీ మేకు మీదికి. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఆ చలికాలంలో ఓ రోజు కుళాయి దగ్గర ఒకావిడ, నవ్వుతూనే, "మీది అసలు ఏ ఊరు?" అని అడిగింది. కోడలు ఇంటికి వచ్చి సంచి విప్పి అత్తయ్య బట్టలు లోపల పెట్టింది. తనవి తీసి పక్కన పెట్టింది.

"ఇదేంటి?" అంది టేపమ్మ.

"ఈసారి తలుపు దగ్గర నేనుంటాను. మీ గొంతు వెనక మెట్ల దాకా కూడా వినిపించదు."

ఒప్పుకోనంటుందేమోనని కోడలు ఎదురుచూసింది.

"నీకు మాట్లాడ్డం ఏం వచ్చే? రెండో మాటకే కయ్యానికి దిగుతావు."

"నేర్పండి మరి."

ముసలావిడ పీట లాక్కుని తలుపుకెదురుగా కూర్చుంది.

"తలుపు తీశావు. ఎదురుగా నలుగురున్నారు. ముందేం అంటావు?"

"ఎవరబ్బాయివి నాయనా అంటాను."

"మెల్లగా. నీకేం తొందర లేదు. తొందరంతా మెట్లు దిగేవాళ్ళది. మళ్ళీ చెప్పు."