విశ్వకర్మ పూజనాడు పాసైన కేబుల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను రాష్ట్ర సరిహద్దు దాటి, హిందీ నడిచే గీదం అవతల ఒక ప్రైవేటు ఖనిజం ప్లాంటుకు సీనియర్ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుగా పంపారు. అదే నా ఆఖరి పోస్టింగు. నేను చేరేటప్పటికి వానాకాలం చివరికొచ్చింది. కంట్రోల్ రూములో కొత్తగా పెద్ద తెర పెట్టారు. దాని పుణ్యమా అని ఒక మనిషి ఉద్యోగం ఊడబోతోంది.

ఆ మనిషి సోయం లక్ష్మయ్య, ఎర్రబోరు వాడు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న బెల్టు ఆపరేటరు. రాయిని నలగ్గొట్టే క్రషర్‌కు మోసే కన్వేయర్ బెల్టు మొదట్లో మనుషులు ఊడుస్తుంటారు. అక్కడి కెమెరా దృశ్యాన్ని తెర మీద చూసి, సైరన్ మోగించి బెల్టు నడపడం అతని పని. బెల్టు కదలగానే తెర రెండు మూడు సెకన్లు నల్లబడేది. వెంటనే అతను ఎమర్జెన్సీ స్టాప్ నొక్కేవాడు. ఉత్పత్తి దెబ్బతిందని మెమో ఇచ్చారు. కునుకు తీసి తెర మీద నెపం వేస్తున్నాడని ఫిర్యాదు రాసింది స్టోర్స్ మేనేజరు. తెరకు కేబుల్ కొన్నది ఆయనే, విచారణ కమిటీలో సభ్యుడూ ఆయనే. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

లక్ష్మయ్యను పిలిచి అడిగాను. "తెర నల్లగైనంక బెల్టు ఆపక ఏం చేయాల సార్? ఆడ ఎవరన్న పడ్డా నాకెట్ల కనబడ్తది?" అన్నాడు. కమిటీ మొత్తం దగ్గర లేని బుద్ధి ఆ ఒక్క మాటలో ఉంది.

కంప్యూటరు నుంచి తెర దాకా సీలింగ్ మీదుగా పదిహేను మీటర్ల హెచ్‌డీఎంఐ రాగి కేబుల్ లాగారు. దాని మీద "8కె" అని మెరిసే అక్షరాలు, కొసలకు బంగారు పూత. అక్షరాలు అచ్చు వేయడానికి సిరా చాలు. పూత తుప్పును ఆపుతుంది గాని బొమ్మను మోయదు. మా తెరకు కావలసిన 4కె బొమ్మ సెకనుకు అరవై ఫ్రేములతో రావాలంటే కేబుల్ సెకనుకు దాదాపు పద్దెనిమిది గిగాబిట్లు మోయాలి. రెండు మీటర్ల రాగి తీగ మోస్తుంది, పదిహేను మీటర్లయ్యేసరికి నీరసిస్తుంది. అలా నీరసించిన తీగ దగ్గర పెద్ద మోటారు స్టార్టయితే సంకేతం తెగిపోతుంది. అది మళ్ళీ కుదురుకునేదాకా తెర చీకటి.

మరి ఇది పాసెలా అయింది? విశ్వకర్మ పూజనాడు! ఆ రోజు ఆనవాయితీగా యంత్రాలన్నీ ఆపి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. ఆనవాయితీతో నాకు పేచీ లేదు. కానీ ఒక్క మోటారూ తిరగని రోజున ఈ పెద్దమనుషులు సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల ప్రచార చిత్రం వేసుకున్నారు. కేబుల్ మీద సగం బరువు కూడా పడలేదు. "బహుత్ బఢియా," భలే బాగుందని చప్పట్లు కొట్టి, ప్రసాదం తింటూ అంగీకార పత్రం మీద సంతకాలు చేశారు. ఆ కాగితం మీద లడ్డూ నెయ్యి మరక నేను కళ్ళారా చూశాను.

ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది మా వృత్తిలో మొదటి సూత్రం. ముందు కంప్యూటరు పక్కనే ఒక మానిటరు పెట్టి, సర్టిఫికెట్ ఉన్న రెండు మీటర్ల కేబుల్‌తో కలిపాను. బెల్టును పదిసార్లు స్టార్ట్ చేయిస్తే బొమ్మ ఒక్కసారీ చెదరలేదు. కాబట్టి కెమెరా, కంప్యూటరు నిర్దోషులు. తర్వాత పరీక్ష బొమ్మలు పంపే జనరేటరును పొడుగు కేబుల్‌కు తగిలించి పూర్తి బరువు మోపాను. బెల్టు ఆగి ఉండగానే తెర మీద తెల్లటి చుక్కలు మిణుకుమన్నాయి, కదలగానే చీకటి. చివరికి కాంతి మీద నడిచే ఆప్టికల్ కేబుల్ తెప్పించాను. దానికి కంప్యూటరు కొస, తెర కొస వేరు, తిరగేస్తే బొమ్మే రాదు. పది స్టార్టులు, ఆ పైన ఒక షిఫ్టు మొత్తం నడిపినా తెర రెప్ప వాల్చలేదు.

ఈ ఫలితాలు కమిటీకి ఇచ్చాను. మేనేజరు కాగితం తిప్పనైనా లేదు. "పూజా కే దిన్ తో చలా థా," పూజ రోజు నడిచిందిగా అన్నాడు. మూడు సెకన్లకే కొంపలు మునుగుతాయా అని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

పాత కేబుల్ మళ్ళీ తగిలించి, కమిటీ ముందు ఆయన్నే ఆపరేటరు కుర్చీలో కూర్చోబెట్టాను. పాత యూనిఫాంలో గోనెలు కుక్కి ఒక మనిషిని తయారు చేయించాను. బెల్టు కదలగానే దాన్ని రక్షణ కంచె బయటి నుంచి బెల్టు మీదికి విసరమని బెల్టు మొదట్లో ఉన్న ఫిట్టరుకు ముందే చెప్పాను. కమిటీకి చెప్పలేదు. తెర మీద అంతా ఖాళీ. సైరన్ మోగించి మేనేజరు బటన్ నొక్కాడు. తెర నల్లబడింది. ఆయన చెయ్యి స్టాప్ వైపు పోలేదు, హాయిగా వెనక్కి వాలాడు. బొమ్మ రాగానే "దేఖియే, ఆ గయా," చూడండి వచ్చేసిందని నవ్వాడు. ఏమైనా కనిపించిందా అని అడిగాను. "కుఛ్ నహీ," ఏమీ లేదన్నాడు.

అంతలో బెల్టు అవతలి కొసన క్రషర్ దగ్గరున్న కార్మికుడు వైర్‌లెస్‌లో అరిచాడు: "సార్, యూనిఫాం ఏసుకున్న మనిషి ఒకడు క్రషర్ల పడిండు!"

మేనేజరు అప్పుడు నొక్కాడు స్టాప్. పడింది గోనెల బొమ్మేనని, తెర చీకటైన మూడు సెకన్లలోనే అది కెమెరాను దాటిపోయిందని అప్పుడు చెప్పాను. మెమో రద్దయింది, లక్ష్మయ్య ఉద్యోగం ఖాయమైంది. మేనేజరు మాత్రం నివేదికలో "కేబుల్ నాణ్యతను మెరుగుపరచవలసి ఉంది" అని, దాన్ని ఎవరో ఆకాశం నుంచి జారవిడిచినట్టు రాసుకున్నాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. కేబుల్‌ను అది పనిచేసే చోటే, పూర్తి బరువుతో, చుట్టూ యంత్రాలు తిరుగుతుండగా పరీక్షించాలి. పాసయిందని సంతకం పెట్టేవాడిని ముందు ఆపరేటరు కుర్చీలో కూర్చోబెట్టి, ఆ తర్వాతే చేతికి కలం ఇవ్వాలి.