కండిగై సంతలో ఇచ్చిన మూత

మా పూజగదిలో దీపపు కుందికి వెనకగా ఒక పాత రేకు బిస్కెట్ డబ్బా ఉంటుంది. ఆదివారం పొద్దున పారాయణం ముగించి, హారతి ఇచ్చి, కర్పూరం ఇంకా పూర్తిగా ఆరకముందే ఆ డబ్బా తెరుస్తాను. ఆముదం, కిరసనాయిలు, ఏళ్ళ తరబడి ఇంజన్ వేడికి మాడిన బేకలైటు ప్లాస్టిక్కు కలిసిన వాసన ఒకటి పైకి లేచి కర్పూరం వాసనలో కలుస్తుంది. లోపల, నాయన పంచె చింపిన గుడ్డలో, ఒక కారు ముక్క ఉంది. గుప్పిట్లో పట్టేంత నల్లటి మూత, దాని నెత్తిన ఐదు పొట్టి కొమ్ములు. పాత అంబాసిడర్ ఇంజన్‌లో నాలుగు ప్లగ్గులకూ వంతుల వారీగా నిప్పు పంచేది ఇదే. దాన్ని తుడిచి, మళ్ళీ చుట్టి, లోపల పెడతాను. నాకు కారు లేదు. ఆ మూత నాది కూడా కాదు. ఒక మనిషికి చేరవలసింది, నలభై ఏళ్ళయినా చేరలేదు.

మాది తిరువళ్ళూరు దగ్గర పాండూరు. నాయన సేద్యం చేసేవాడు గానీ ఆయన ప్రాణం శనివారం గోష్ఠిలోనూ ఆదివారం సంతలోనూ ఉండేది. గోష్ఠి అంటే చుట్టుపక్కల తెలుగు ఇళ్ళ వాళ్ళు ఇరవై మంది దాకా కూడి చేసే పారాయణం. అందులో చదివే పీట నాయనది. ఆయన గొంతెత్తితే వీధిలో సైకిలు మీద పోయేవాడు కాలు నేలకు ఆనించి నిలబడిపోయేవాడు. పెరటాసి నెల శనివారాల్లో మా తాత నాటి అంబాసిడర్‌లో ఊరూరికీ పోయేవాళ్ళం. వెనక సీటులో హార్మోనియం, తాళాల సంచి, చింతపండు పులిహోర గుండిగ, వాటి మధ్య ఇరుక్కుని నేను. ముందు సీటులో పూలమాల వేసిన స్వామి పటం, దాన్ని ఒళ్ళో పట్టుకుని అమ్మ. ఆ కారులో పెట్రోలు వాసన కంటే ఇంగువ పోపు వాసనే ఎక్కువ. పండుగలు వెళ్ళిపోయిన కొన్ని నెలలకు కూడా సీటు కుట్లలోంచి ఎండిన తులసి ఆకులు, గట్టిపడిన శనగ గుగ్గిళ్ళు బయటపడుతుండేవి.

ఆ ముసలి కారు బతికి ఉండాలంటే సంత కావాలి. తిరుత్తణిలో బస్సు మారి కే.జీ.కండిగైలో దిగితే, ఊరి చివర మూతబడిన బియ్యం మిల్లు ఒకటి ఉండేది. దాని సిమెంటు కళ్ళం మీద ఆదివారం తెల్లవారినప్పటి నుంచి ఎండ చురుక్కుమనే దాకా పాత కార్ల ముక్కల సంత జరిగేది. అక్కడికి కార్లు నడిచి వచ్చింది తక్కువ. వాటి ముక్కలే గోనెసంచుల్లో, భుజాల మీద, బస్సు సీట్ల కింద వచ్చేవి. హెడ్‌లైట్ల గిన్నెలు, తలుపు పిడులు, కార్బురేటర్లు, అరిగిన గేర్లు, ఎవరి కారుదో తెలియని ఒంటి అద్దం, అన్నీ గోనెపట్టాల మీద వరసగా కూర్చునేవి. ఆ వస్తువుల ముందు మనుషులు గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఎత్తి, ఊది, చెవి దగ్గర పెట్టి ఆడించి, వాసన చూసి, అది ఏ ఊరి ఎవరి బండిలో ఎన్నేళ్ళు తిరిగిందో అడిగి తెలుసుకునేవాళ్ళు. ఏమీ అక్కర లేనివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఇంట్లో పనికిరానిదని మూలన పడేసినది ఇంకో ఊళ్ళో ఒక బండిని లేపి నిలబెడుతుందన్న ఆశే వాళ్ళను అక్కడికి లాక్కొచ్చేదని ఇప్పుడు అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ సంత అంటే మిల్లు గోడ నీడలో వేడి బోండా, పగిలిన బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లు. ఐదు గుండ్లు ఏరుకుని అచ్చనగిల్లాయలాడేదాన్ని. అవి చేతివేళ్ళను చల్లగా కొట్టేవి, ఇంటికొచ్చాక ఎంత కడిగినా గ్రీజు వాసన పోయేది కాదు.

సంతను నడిపేది మిల్లు సొంతదారు, మేమంతా శెట్టి మామ అనే పెద్దాయన. నాయన కనబడితే చాలు, ఆయనకు నోరు ఊరుకునేది కాదు.

“ఏం సామీ, నిన్న పెరుమాళ్ళకు సేవ, ఈ పొద్దు ఇనుముకు సేవా?”

“రెండూ కదలకుండా కూర్చోనుండేవే మామా. కదిలించేదానికి మనమే కదా తిప్పలు పడాల” అనేవాడు నాయన, పంచె ఎగ్గట్టుకుంటూ.

ఆ సంతలో రూపాయి చెల్లదు. ముక్కకు ముక్క ఇచ్చిపుచ్చుకోవలసిందే. అక్కడికక్కడే పెట్టి చూడడానికి వీలుకాని ముక్కలకు ఇంకో కట్టుబాటు ఉండేది. మిల్లు గోడకు తిరుత్తణి స్వామి పటం, దాని ముందు ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో కర్పూరం వెలిగించి, “ఇందులో ఏ లోపమూ లేదు” అని అరచేత్తో ఆర్పాలి. ఆర్పినవాడి మాట మీద ఇంకెవరూ మాట్లాడరు.

నాకు పదకొండేళ్ళు నిండిన ఆ ఏడు అమ్మ నిండు నెలల మనిషి. అంతకు ముందు ఇద్దరు బిడ్డలు కాన్పులోనే పోయారు. ఈసారి మొదటి నొప్పి రాగానే ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకుండా మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని, లేకపోతే ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ చెప్పింది. ఊళ్ళో ఉన్న ఒక్క కారు మాదే. ఐప్పసి నెల వానలు మొదలైన వారంలోనే దాని వాటర్ పంపు పగిలింది. రెండు మైళ్ళు పోతే ఇంజన్ మరిగి ఆవిరి చిమ్మేది. తిరువళ్ళూరులో దొరకలేదు, మద్రాసుకు మనిషిని పంపినా దొరకలేదు. అమ్మ గడప దగ్గర కూర్చుని నిలబడిపోయిన కారు వైపే చూస్తుండేది. నాయన రోజూ చదివే నామాలు రెండింతలు చేశాడు.

మారుకు ఇవ్వడానికి మా ఇంట్లో మిగిలిన విలువైన ముక్క ఒకటే, ఈ నల్లమూతకు జతగా నాయన దాచుకున్న ఇంకో మూత. శనివారం సాయంత్రం దాన్ని కిరసనాయిలుతో తుడిచి పెట్టమని నాకిచ్చి ఆయన గోష్ఠికి పోయాడు. వానకు తడిసిన మెట్ల మీద కూర్చుని తుడుస్తూ ఉండగా అది చేతిలోంచి జారి రుబ్బురోలు అంచున పడింది. ముక్కలు కాలేదు. ఎత్తి చూస్తే ఒక కొమ్ము మొదట్లో వెంట్రుకవాసి చీలిక. గోరుతో తడిమితే తగులుతుంది, కంటికి ఆనదు. నేను ఏడవలేదు. దీపపు మసిని ఆముదంలో కలిపి ఆ చీలికలో దిగేదాకా రుద్దాను. పొద్దున చెబుదామనుకున్నాను. బస్సులో చెబుదామనుకున్నాను. బస్సు పొడుగునా నాయన కళ్ళు మూసుకుని నామాలు చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆ రోజు సంతలో వాటర్ పంపు ఒక్కటే ఉంది. తెచ్చినవాడు తిరువాలంగాడులో బాడుగ కారు నడిపే మణి. బక్కపలచని మనిషి, నుదుట విబూది, చొక్కా జేబులో దువ్వెన. అతని బండి కూడా అంబాసిడరే, అతనికి కావలసింది ఈ మూతే.

“అయ్యా, ఇది మీరిస్తిరంటే నా బండి లేస్తింది. పన్నెండు దినాలుగా అట్లే నిలబడి ఉండాది. ఇంటికి పోతే బిడ్డల మొగం చూడలేకుండా ఉండా” అన్నాడు.

“నీ పంపు ఇస్తివంటే నా ఇల్లు నిలబడతాది తమ్ముడా” అన్నాడు నాయన.

శెట్టి మామ పళ్ళెంలో రెండు కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగించాడు. మణి ముందుకొచ్చి పంపు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో తన బిళ్ళను ఆర్పాడు. తర్వాత నాయన వంక చూసి శెట్టి మామతో అన్నాడు. “అయ్యకు ప్రమాణం ఎందుకు మామా, పావం. నామం పెట్టుకున్న మొగం. ఆయన మాట చాలు.”

“చాలదప్పా. ఈడ అందరికీ ఒకటే కట్టుబాటు” అన్నాడు నాయన.

ఆయన చెయ్యి పైకి లేవడం, మంట మీదికి దిగడం నేను చూశాను. ఆ మధ్యలో కాలం ఉంది. “నాయనా” అని ఒక్క మాట పట్టేంత కాలం. అమ్మ గడప దగ్గర కూర్చున్న తీరు కళ్ళ ముందుకొచ్చింది. నా గుప్పిట్లో ఉక్కు గుండ్లు చెమటకు జారుతున్నాయి. నాయన ఆ మంటను ఆర్పాడు. అబద్ధమని తెలియకుండానే, స్వామి ముందు, అబద్ధం ఆడాడు.

“వచ్చే ఆదివారం వస్తానయ్యా, బండి ఎట్లా ఉండేదీ చెప్తా. పాపకు సీతాఫలాలు తెస్తా” అని మణి నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం జడివానలో అమ్మకు నొప్పులొచ్చాయి. మా కారు ఒక్కచోట కూడా ఆగకుండా మద్రాసు చేరింది. తమ్ముడు పుట్టాడు, అమ్మా దక్కింది. మణి మాత్రం ఆ ఆదివారం రాలేదు, ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. “బాడుగలు బాగా తగులుకున్నట్టుండాయి” అని నాయన సంతోషపడ్డాడు. ఆ మాట విన్న ప్రతిసారీ లేచి పెరట్లోకి పోయేదాన్ని.

మూడు నెలలు మోశాను. సంక్రాంతి వెళ్ళాక, తై నెలలో ఒక శనివారం గోష్ఠిలో నాయన, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే ఒక ధర్మాత్ముడి రథం ఒక్క కల్లమాటతో నేలకు దిగిపోయిన ఘట్టం చదివి అర్థం చెప్పాడు. అందరూ గుగ్గిళ్ళు చేతుల్లో వేసుకుని వెళ్ళిపోయాక, కారు పక్కన నిలబడి అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. “యాడ పడింది? ఎంత పొడుగు చీలింది?” అని మెకానిక్ అడిగినట్టు అడిగాడు. ఆ తర్వాత తన కుడి అరచేతిని తిప్పి చాలాసేపు చూసుకున్నాడు.

“నువ్వు చిన్నబిడ్డవి. ఆర్పింది నా చెయ్యి” అన్నాడు చివరికి. “ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. నీ తమ్ముడికి ఎప్పుడూ చెప్పొద్దు. పుట్టినందుకు వాడు బాధపడకూడదు.”

మరునాడు పొద్దున మా కారు బానెట్ ఎత్తి, అందులో పనిచేస్తున్న మంచి మూతను ఊడదీసి ఈ డబ్బాలో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని తిరువాలంగాడు పోయాడు. స్టేషను దగ్గర టీ అంగడి మనిషి చెప్పాడు. “మణియా? పోయినాడే అయ్యా. ముహూర్తం పొద్దు పెండ్లికూతురును ఎక్కించుకొని పోతా ఉంటే వానకు బండి నడిరోడ్లో నిలిచిపోయింది. తడిస్తే చాలు, నిలబడేది. ఆనేక ఇంకెవురు బాడుగకు పిలుస్తారు? బండిని ఇనుముకు వేసేసి పెండ్లాం బిడ్డలతో పోయినాడు.” మూత చీలికలో తడి దిగితే ప్లగ్గుకు నిప్పు అందదు. యాడికి పోయాడంటే ఒకరు వేలూరు అన్నారు, ఒకరు బెంగుళూరు అన్నారు. మణి అనే పేరు వీధికి పదిమందికి ఉంటుంది.

మా కారు మళ్ళీ కదలలేదు, దాని మూత డబ్బాలో ఉంది కనుక. నాయన తర్వాతి శనివారమే చదివే పీట దిగి, గోష్ఠిలో చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎంతమంది బతిమాలినా కారణం చెప్పలేదు, మళ్ళీ గొంతెత్తలేదు. ప్రతి ఆదివారం డబ్బా పట్టుకుని కండిగై పోయేవాడు. మిల్లు పడగొట్టి ప్లాట్లు వేసి, సంత చెదిరిపోయిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆ చోట నిలబడి వచ్చేవాడు. ఆఖరి రోజుల్లో గోష్ఠి వాళ్ళు మంచం చుట్టూ చేరి ఒక్క శ్లోకం చెప్పమంటే, తల అడ్డంగా ఊపి డబ్బా వైపు చూశాడు. అప్పటి నుంచి అది నా దగ్గర ఉంది.

నేను శాస్త్రం విన్నదాన్ని, వినిపించేదాన్ని. చేసిన పాపం మళ్ళీ చెయ్యనని మనసారా అనుకుంటేనే అది పశ్చాత్తాపం అని మా గోష్ఠిలో ఆడవాళ్ళకు నేనే చెబుతుంటాను. ఆ మాట చెప్పిన రోజు ఇంటికొచ్చి పూజగదిలో కూర్చోలేను. ఆ కర్పూరం మళ్ళీ వెలిగితే, నాయన చెయ్యి మళ్ళీ లేస్తే, నేను నోరు తెరుస్తానా? తెరిస్తే తమ్ముడు లేడు. తెరవకపోతే మణి లేడు. నలభై ఏళ్ళుగా స్వామి ముందు ఈ ప్రశ్న పెడుతున్నాను. ఇప్పటికీ నోరు తెరుస్తానని చెప్పలేకపోతున్నాను. చెప్పలేనిదాన్ని క్షమించమని ఎట్లా అడగను?

పోయిన నెల తిరువళ్ళూరు బైపాసు పక్కన ఒక కల్యాణమండపం ఖాళీస్థలంలో పాత కార్ల వాళ్ళు కలుస్తున్నారని తెలిసి తమ్ముడితో వెళ్ళాను. మనిషి గుణం మారలేదు. అదే గొంతుక్కూర్చోవడం, అదే ఊదడం, తుప్పు పట్టిన ముక్క చేతికి రాగానే కళ్ళలో అదే వెలుగు. కానీ గోనెపట్టాల బదులు బల్లలు, ప్రతి ముక్క మీదా ధర చీటీ. మారుకు ఇస్తారా అని అడిగితే, ఆ మాటకు అర్థమేమిటని నన్నే అడిగారు. మణి అనే ముసలి డ్రైవరు ఎవరైనా తెలుసా అని వరసగా అడుగుతూ పోయాను. ఒక కుర్రవాడు నా చేతిలో మూత చూసి దగ్గరికొచ్చాడు.

“అక్కా, దీనికోసం రెండేండ్లుగా తిరగతా ఉండా. చీలిక ఏమీ లేదు కదా?”

“లేదు” అన్నాను.

“సరి, మీ మాట చాలక్కా. ఎంతకిస్తారు?”

నేను మూతను గుడ్డలో చుట్టేశాను. “ఇది ఇంకొకరిది నాయనా” అని మాత్రం అనగలిగాను.

తిరిగి వచ్చేటప్పుడు కారు నడుపుతూ తమ్ముడు నవ్వాడు. “నీకు కారే లేదు, ఆ మూతను యాడికి పోయినా మోసుకొని తిరగతావు. ఏమి పిచ్చక్కా నీది?” నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. కొంతదూరం పోయాక, పక్క అద్దం సర్దుతూ, మామూలుగా అడిగాడు.

“గోష్ఠిలో నాయన చదివితే దోవన పోయేవాళ్ళు నిలబడిపోతా ఉన్నారంటనే. నిజమా అక్కా? నేను పుట్టిన కొన్నాళ్ళకే చదివేది మానేసినాడంటనే, ఎందుకు?”